పసుపు అంటని జానెడు

నర్సవ్వా, నువ్వు బతికున్నప్పుడే నీకు అక్షరం రాకపాయె, పోయినంక ఏం చదువుతవని ఈ ఉత్తరం రాయకుండనే ఊకుందామనుకున్న. కానీ మన బిడ్డ పోశవ్వ చేసిన పని నీకు చెప్పందే బువ్వ సయిస్తలేదు.

పోచారం చెరువుల సర్కారు పడవ ఉన్నది గదా, దాంట్ల సామాన్ల అర మీది మూతలు రెండూ మళ్లీ కారినయి. "ఈసారి కారితే మరమ్మతు పని నీకియ్య, కామారెడ్డి వడ్లోళ్లకిస్త" అన్నడు పడవ పనులు చూసే దరోగా. సందులు పూడాలని నాలుగుసార్లు గుగ్గిలం కాచి పోసిన. ఆ గుగ్గిలం కోసం ఎల్లారెడ్డి అంగడికి పోయిన కథ వేరే ఉన్నది, అది మళ్లెప్పుడన్న చెప్త. నీళ్లు ఎక్కడ దిగుతున్నయో మాత్రం నాకు దొరకలే.

పోశవ్వ నీ పసుపు డబ్బా తెచ్చి, నువ్వు గడపకు పూసినట్టే అర అంచులకు పూసింది.

"పడవకు లగ్గమా, బిడ్డా?" అని దరోగా నవ్విండు.

"ఇంకా పిల్లను చూసుడే, సాబ్" అన్నది.

మూతలు మూసి తీస్తే, రెండింటికీ జానెడు మేర పసుపు అంటలే. సందు అక్కడనే ఉన్నదని నార కూరి గుగ్గిలం పోసింది. ఆరినంక లోపల దోసెడు ఉప్పు పెట్టి, మూసి, పైన పది కడవల నీళ్లు కుమ్మరించినం. ఉప్పు పొడిగనే ఉన్నది. పని చేసింది బిడ్డనే అయినా మీసం నేనే దువ్వుకున్న.

ఆ ఉప్పునే పోశవ్వ ఆ పూట పప్పుల వేసింది. జర ఎక్కువైంది.