అమ్మ చెయ్యి లేని ట్రాక్

జూన్ 3

కొత్త సినిమా మొదలైంది. జపాన్ వాళ్ళ యానిమేషన్. పదమూడేళ్ళ పిల్ల ఇల్లు వదిలి, ఆకాశంలో మబ్బులు ఉతికే లాండ్రీలో పనికి చేరుతుంది. ఆ పిల్ల గొంతు నాది. నాకు ఇరవై రెండు. గొంతు మాత్రం పదమూడు దాటలేదు.

స్టూడియోకి అమ్మ కూడా వచ్చింది. రాకపోవడమంటూ ఎప్పుడూ లేదు. ఆరేళ్ళప్పుడు, నాకింకా చదవడం రాని రోజుల్లో, డైలాగ్ మొదలవ్వాల్సిన చోట వెనక నిలబడి భుజం తట్టేది. నేను నోరు తెరిచేదాన్ని. ఇప్పుడు చదవడం వచ్చు. తట్టడం ఆగలేదు. నా కోసం తన డబ్బింగ్ మానేసింది. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

జూన్ 4

ఆ పిల్ల తల్లి గుమ్మం దాకా కూడా రాదు. మూట కట్టి చేతికిస్తుంది, అంతే. అమ్మకి ఒళ్ళు మండింది. అది కన్నతల్లేనా అంది.

సౌండ్ ఇంజనీర్ ఇలాంటి జపాన్ సినిమాలు చాలా చేశాడు. వీటిల్లో పిల్లలకి మంత్రాల కంటే ముందు ఉద్యోగం వస్తుందట. అదీ వాళ్ళే అడిగి తెచ్చుకోవాలట. నవ్వొచ్చింది. స్టూడియోకి ఏ బస్సెక్కాలో నాకు తెలియదు.

జూన్ 6

ఇంజనీర్ నన్నొక్కదాన్నే పిలిచి ట్రాక్ వినిపించాడు. నా ప్రతి మాటకీ ముందు టప్‌మంటోంది. అమ్మ చెయ్యి. ఇన్నేళ్ళూ కార్టూన్ల మ్యూజిక్ హోరులో ఎవరికీ వినపడలేదు. ఈ సినిమాలో గాలి వీస్తుంది, పిల్ల చూస్తుంది, చాలాసేపు ఏమీ జరగదు. ఆ నిశ్శబ్దంలో అది ఎవరో తలుపు కొట్టినట్టుంది.

ఇకనుంచి అమ్మ బయటే ఉండాలట. లేకపోతే వేరే గొంతు చూసుకుంటారట. అమ్మకి తను చెప్పాలా అని అడిగాడు. నేనే చెబుతానన్నాను. ఎందుకన్నానో.

జూన్ 7

సెలవు. అమ్మ మొహం చూసి నీళ్ళు నమిలాను.

జూన్ 8

పొద్దున అమ్మ జడ వేసుకుంటుంటే చెప్పేశాను, ఆ టప్‌తో సహా. నా చెయ్యి అంత బరువైపోయిందా అంది. బరువు కాదమ్మా, మైక్‌కి వినపడుతోంది అన్నాను. మైక్‌కి ఇప్పుడే చెవులొచ్చాయా, నీకు రెక్కలొచ్చాయి గానీ అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వెళ్ళి, నిన్న ఉతికిన దుప్పట్లనే మళ్ళీ ఉతికింది.

బాధగా ఉంది. తేలిగ్గానూ ఉంది. ఆ రెండోది రాయడానికి సిగ్గేస్తోంది.

జూన్ 9, మధ్యాహ్నం

ఒక్కదాన్నే వెళ్ళాను. తప్పు బస్సెక్కి, దిగి, మళ్ళీ ఎక్కాను. ప్రతి డైలాగూ ఆలస్యమే. తెర మీద పెదాలు కదిలిపోతాయి, నేను గుడ్లప్పగించి నిలబడతాను. కంటికి కనపడుతూనే ఉంది. భుజం ఒప్పుకోవట్లేదు. ఇంజనీర్ విసుక్కోలేదు. రేపు కూడా ఇంతే అయితే తన చేతుల్లో ఏమీ ఉండదన్నాడు.

అదే రోజు, సాయంత్రం

ఎలా జరిగిందని అమ్మ అడగలేదు. పళ్ళెం పెట్టి టీవీ ముందుకు వెళ్ళిపోయింది.

జూన్ 10

పిల్ల పని అడిగే సీన్. లాండ్రీ ముసలావిడ పొమ్మంటుంది. పిల్ల కదలదు. నాకు ఇక్కడే పని కావాలంటుంది.

మొదటి టేక్ పోయింది. రెండోదీ పోయింది. తర్వాత పెదాలు చూడటం మానేశాను. మాట్లాడే ముందు ఆ పిల్ల ఊపిరి తీసుకుంటుంది. గీసినవాళ్ళు అది కూడా గీశారు. తనతో పాటు నేనూ తీసుకున్నాను. మాట సరిగ్గా పెదాల మీద పడింది.

ఇంజనీర్ నెక్స్ట్ అన్నాడు. అంతకు మించి మెచ్చుకోలు లేదు. బాత్రూంలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

జూన్ 19

నా పోర్షన్ అయిపోయింది. కుదిరిందా అని అమ్మ అడిగింది. కుదిరిందన్నాను. నేను లేకుండానేనా అంది. అబద్ధం చెప్పి ఉండొచ్చు. అవునన్నాను.

జూలై 2

ఇన్నేళ్ళకి ఇవాళ మళ్ళీ అమ్మకి డబ్బింగ్. ఏదో సీరియల్లో అత్తగారు. పొద్దున్నే తయారై బయల్దేరింది. నేనూ చెప్పులేసుకున్నాను. నువ్వెక్కడికే అంది.

విప్పేశాను.