గాజుపెట్టెలో కీరా గుర్రం

ఆగస్టు 3

మ్యూజియంలో ఫోటోలు చూసుకునే ఉకాయి గారికి,

ఈ ఎండలకు మీరు చల్లగా ఉన్నారని తలుస్తాను. నేను మిత్సుగు తల్లిని. మొన్న బస్సెక్కి వచ్చి, పోయిన చలికాలంలో చనిపోయిన నా కొడుకు తీసిన ఇంటి ఫోటోలన్నీ చూశాను. ఆరేసిన నా లోబట్టలను గోడంత చేసి వేలాడదీశారు. పోనివ్వండి. నా బాధ వేరు. పోయినవాళ్ళు ఇంటికొచ్చే బోన్ పండగ వస్తోంది. వాడికిది మొదటిది. పదమూడున రావాలి. మా ఇల్లంతా మీ గోడల మీదుంటే వాడు పొరపాటున అక్కడే దిగుతాడు. అందుకే మా వంటింటి ఫోటో కింద, వాడు ఎక్కి త్వరగా రావడానికి, అగ్గిపుల్లలు కాళ్ళుగా గుచ్చిన కీరాకాయ గుర్రాన్ని నిలబెట్టి వచ్చాను. మూతి మా ఊరివైపు ఉంది. కదపకండి.

ఇట్లు,
కినుయో

తా.క. నేను ముక్కు గిల్లుకుంటున్న ఫోటోను వెనక గదిలోకి మార్చండి.

ఆగస్టు 6

గౌరవనీయులైన కినుయో గారికి,

మీ ఉత్తరం అందేలోపే పొరపాటు జరిగింది. ఊడ్చే ఆవిడ గుర్రాన్ని తీయబోతే, చూడవచ్చినవాళ్ళు "అయ్యో, అది ఆయన ఆఖరి కళాఖండం!" అని అడ్డుపడ్డారట. మేమూ నమ్మి గాజుపెట్టె బిగించాం. ఒక ఆచార్యులు ముప్పావుగంట నిలబడి, కురచగా ఉన్న వెనక కాలు మనిషి ఒంటరితనమని తేల్చారు. ఇప్పుడు తీస్తే జనం ఊరుకోరు.

విధేయుడు,
ఉకాయి

తా.క. ముక్కు ఫోటో మార్చలేం. ఆహ్వానపత్రిక మీద అచ్చయింది అదే.

ఆగస్టు 8

ఉకాయి గారికి,

కుశలం తర్వాత అడుగుతాను. పెట్టెలో ఉన్న గుర్రాన్ని వాడెలా ఎక్కుతాడండీ? ఆ కాలు ఒంటరితనం కాదు, అగ్గిపుల్ల విరిగింది. వెంటనే కొత్త కీరా పెట్టండి. పదమూడు సాయంత్రం తలుపు తీసి ఉంచండి. బతికున్నప్పుడే వాడు తాళంచెవి మరిచేవాడు.

కోపంతో,
కినుయో

తా.క. వంకర కీరా చూడండి. తిన్నటిదైతే జారిపడతాడు.

ఆగస్టు 10

కినుయో గారికి,

క్షమించాలి. పాత గుర్రం కుళ్ళితే మావాళ్ళు కురచకాలుతో సహా మైనంతో ఇంకోటి చేశారు. తలుపు మాత్రం నా చేతిలో లేదు. పన్నెండు నుంచి సెలవులు. లోపల ఎవరు కదిలినా గంట మోగుతుంది. "చనిపోయినవాళ్ళకూ మోగుతుందా?" అని పైఅధికారిని అడిగాను. "నియమం అందరికీ ఒకటే" అన్నారు.

తలదించుకుని,
ఉకాయి

తా.క. మైనపు గుర్రం మీద స్వారీ నిషేధమని బోర్డు కూడా పెట్టారు.

ఆగస్టు 14

ఉకాయి బాబూ,

నిన్న సాయంత్రం దాకా నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. వాడికి దారి తెలియాలని గుమ్మం ముందు మంట వెలిగిస్తుంటే బస్సులోంచి మా వంటిల్లు దిగింది! నిలువెత్తు పటం, కింద రెండు కాళ్ళు. వంటింటికి కాళ్ళొచ్చాయని హడలిపోయాను. "మీ పైవాళ్ళు ఊరుకున్నారా?" అంటే, "సెలవులకు ముందే, దుమ్ము దులపడానికి తీశానని రాసిపెట్టానమ్మా. ఇల్లే ఇక్కడికొస్తే ఆయన అక్కడెందుకు దిగుతారు?" అన్నావు.

పటాన్ని వంటింట్లో ఆనించాక, వాడు నిలబడి ఆ ఫోటో తీసిన చోటే నువ్వు కూర్చోబోయావు. "అక్కడ కాదు బాబూ, కాస్త జరుగు" అన్నాను. ఎందుకని అడగకుండా జరిగావు. చల్లగా ఉండు.

ఇట్లు,
మిత్సుగు వాళ్ళమ్మ

తా.క. పదహారున పటం కోసం వచ్చినప్పుడు భోజనం ఇక్కడే. ఆరోజు వాడు తిరిగి వెళ్ళడానికి వంకాయతో ఆవును చేసి ఉంచాను. సంతంతా వెతికి అన్నిటికన్నా లావుపాటి కాయ తెచ్చాను. అది అడుగు తీసి అడుగు వేయడానికే ఆయాసపడాలి.