గాయత్రి సీసా

అరకు దగ్గర మన కొండ మీద నుంచి,
1998 అక్టోబరు.

చిరంజీవి గాయత్రికి అన్నయ్య సోంబరు దీవెనలు. ఇక్కడ అమ్మ, మీ వదిన బేబి, నేను క్షేమం. విశాఖలో నువ్వూ నీ చదువూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన నెల సంతరోజునే పోస్టుమాన్ ఇచ్చాడు. జవాబు ఆలస్యమైందని అలగకు. వానలు ఇంకా వదల్లేదు. కాఫీ కాయ బాగానే పట్టింది గానీ తడికి రాలిపోతోంది. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. నువ్వు పంపిన ఆయింట్‌మెంట్ రాసుకోకుండా గూట్లో పెట్టుకుంది. కూతురు ఇచ్చినవన్నీ ఆమెకు దాచుకోవడానికే. ఒక్కటే వాడింది. దాని సంగతి తర్వాత రాస్తాను.

మీ ల్యాబ్ కబురు అమ్మ మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. గాజుపళ్ళెంలో మన పుట్టగొడుగు పొడి వేసిన చోట సూక్ష్మజీవులు పెరగలేదని, మీ మేడం మెచ్చుకున్నారని విని నవ్వింది. "ఊళ్ళో ఎందరు పసిగుంటల బొడ్డుకి ఏసేనో. మీ మేడంకి ఇప్పుడు తెలిసిందేటి?" అంది. అందే గానీ ఆ రోజంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు.

పొడి ఎలా పోగుచేస్తున్నామని కూడా అడిగావు. అమ్మ పద్ధతి నీకు తెలుసు. ఆ గుండ్రటి పుట్టగొడుగుల్ని పగలనీకుండా పొయ్యి మీది అటకకు వేలాడదీస్తుంది. కాన్పు రోజునే ఒకటి తీసి, బిడ్డ బొడ్డు మీద పట్టుకుని లోపలి పొడి రాలేలా నొక్కుతుంది. మిగిలింది పారేస్తుంది. ఈసారి నీ కోసమని వాటిని ముందే నొక్కి, నువ్విచ్చిన గాజుసీసా నింపి, మూత బిగించింది. వానాకాలమంతా అది గూట్లో నీ ఫోటో పక్కనే ఉంది.

వదిన కాన్పు సంగతి అడిగావు. ఇంతసేపూ తప్పించుకున్నాను. ఆడపిల్ల పుట్టింది. అచ్చం నీ నుదురే. పేరు పెట్టకముందే పోయింది.

పైన క్షేమమని రాసింది మా ముగ్గురి గురించే అని నువ్వు గమనించే ఉంటావు.

బొడ్డు కోసింది కొత్త బ్లేడుతోనే. అటకకు ఎండిన పుట్టగొడుగులు ఉన్నాయి. అమ్మ చెయ్యి అటు వెళ్ళి, ఆగి, గూటివైపు తిరిగింది. "నా మనవరాలికి గాయత్రి సీసాలోదే ఏస్తాను. సదువుకున్న సోటునించి వొచ్చిన సీసా" అంది. నేనూ మురిసిపోయాను. నాలుగో రోజుకి బొడ్డు చుట్టూ ఎర్రబడి వాసన వచ్చింది. గుంట పాలు తాగడం మానేసింది. దుప్పట్లో చుట్టుకుని కొండ దిగాం. రోడ్డు మీద జీపు కోసం నిలబడి ఉండగానే వదిన చేతుల్లో చల్లబడిపోయింది.

నాకు ఇంట్లోకి వెళ్ళాలంటే భయంగా ఉంది గాయత్రీ. వదిన పాలు పిండి గోడవారన పారబోస్తుంది. అమ్మ అటకనున్నవన్నీ తీసి పొయ్యిలో వేసేసింది. పక్కింటి బుధు భార్యకు నొప్పులొచ్చి పిలిస్తే వెళ్ళలేదు. రోజూ నా దగ్గరికొచ్చి ఒకటే మాట అంటుంది. "సీసా గాయత్రికి పంపించరా. గుంటని సంపింది నా సెయ్యో కాదో, అది సూసి సెప్తాది."

బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపానని చెప్పాను. పంపలేదు. మూత తీసి చూస్తే అడుగున పొడి తడిసి ముద్దకట్టి, బూజు పట్టి ఉంది. గెడ్డలో పారే నీళ్ళలో కడిగేశాను. మా గుంటని తీసుకుపోయింది ఆ బూజేనో, మరొకటో నాకు తెలీదు. నీ దగ్గరికొస్తే తేలిపోయేది. తేలితే ఆ తప్పు అమ్మ చేతిదో నీ సీసాదో అయ్యేది. నీకూ చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఇంకో కొండ మీద ఇంకో తల్లికి అలాంటి సీసా ఇస్తావేమోనని భయమేసింది. ఏడువు. అక్కడ ఎవరూ లేని చోట ఏడువు. నీ తప్పని మాత్రం అనుకోకు.

ఏడ్చాక అమ్మకొక ఉత్తరం రాయి. సీసా అందిందని, పరీక్ష చేశానని, పొడిలో ఏ దోషమూ లేదని రాయి. చదివి వినిపించేది నేనే కాబట్టి, తెల్లకాగితం పట్టుకునైనా ఆ మాట చెప్పగలను. కానీ అమ్మ కాగితం తీసుకుని చూస్తుంది. చదవడం రాదు గానీ నీ చేతిరాత ఆమెకు తెలుసు.

ఇట్లు,
నీ అన్న
సోంబరు