డాబా మీద ఇసుక

భిలాయి, క్యాంప్ 1

మణిమాలకు అమ్మ దీవెనలు. అందరం బాగున్నామని ముందు రాయాలి కదా. నాన్నకి కాళ్ల వాపు కొంచెం తగ్గింది. ఇంక బాగున్నదేమీ లేదు.

ఫోనులో మాట్లాడితే నాన్న పక్కనే ఉంటారు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

తమ్ముడి ట్రాక్టరు ఏం చేశారని అడిగావు. కనకరత్నం పిన్ని కొడుకు తీసుకెళ్లాడు. మళ్లీ కుమ్హారి ఏటికే, ఇసుక తవ్వడానికే. వద్దనడానికి నేనెవరిని. తమ్ముడి కోసం కట్టిన మేడగది గోడలూ ఆ ఇసుకే కదా.

ఈతొచ్చినవాడు ఎలా మునిగాడని అడిగావు. నీ చిన్నప్పుడు కార్తీకంలో అక్కడే దీపాలు వదిలేవాళ్లం. మోకాలి లోతు ఉండేది. ఇప్పుడు అక్కడ తాటిచెట్టంత గోతులు. వానలకి ఏరు నిండితే పైకి ఏమీ తెలియదు. ఆ పొద్దున చెప్పాను, "ఒరే రాజాబాబూ, ఏరు నిండుగుంది, ఎల్లకురా" అని. "ఆ గోతులు తవ్వింది నానే కదమ్మా, నాకు తెల్దేటి? టెన్షన్ మత్ లే, బెంగెట్టుకోకు" అని నవ్వాడు. బండి కడగడానికి నీళ్లలోకి దిగాడు. ఎండాకాలంలో తను తవ్విన గోతులు తవ్విన చోటే ఉంటాయనుకున్నాడు. వరద కొన్ని పూడ్చి, ఒడ్డు కోసి, కొత్తవి చేసింది. వాడు నిలబడ్డ నేల వాడి కాళ్ల కిందే జారిపోయింది.

అస్థికలు కలిపేశామని నాన్న నీకు చెప్పారు. ఆయనకి తెలిసింది అదే. శివనాథ్ నది రేవు దగ్గర మెట్లు దిగలేక ముంత నా చేతికిచ్చారు. దిగాను. అవతలి ఒడ్డున ట్రాక్టర్లు ఇసుక ఎత్తుతున్నాయి. వాడిని మళ్లీ నీళ్లలోకి తొయ్యడానికి నాకు చేతులు రాలేదమ్మా. ముంత సంచిలో పెట్టుకుని తెచ్చేశాను.

మేడగది కట్టగా మిగిలిన ఇసుక డాబా మీద కుప్పగా ఉంది. వాడు తెచ్చిందే. మనం దీపాలు వదిలిన ఏరు ఇంక అంతే మిగిలింది. ముంత ఆ కుప్పలోనే పూడ్చిపెట్టాను. సాయంత్రం ఆరిన బట్టలు తీస్తానని వెళ్లి దాని పక్కన కూర్చుంటాను.

నిన్న నాన్న అన్నారు, "సోమవారం మేస్త్రీ వొస్తాడే. ఆ ఇసుక ఊరికే పడుంది, పూత పని కానిచ్చేద్దాం. గుంటడి గది అలగే ఒగ్గేస్తే ఎలగ?"

తలూపాను.

శ్రీకాకుళం తీసుకురా, నాగావళిలో కలుపుదాం అంటావేమో. ఆ ఏట్లోనూ ట్రాక్టర్లు దిగాయని కిందటి ఉత్తరంలో నువ్వే రాశావు. మరి ఎక్కడికి తీసుకెళ్లను?

సోమవారం లోపల ఇది నీకు అందదని తెలుసు. అయినా రాశాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ