ఇంటిల్లిపాదీ నింపిన ప్రశ్నావళి

మనస్తత్వ పరిశోధన విభాగం పెద్దసారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వింత పోకడల వ్యక్తిత్వమును కొలుచు పరాయి భాషా ప్రశ్నావళి మన భాషలో సరిగా పనిచేయునా అని తాము పరీక్షించగా, నా స్టీరింగు పోవుట గురించి.

బస్సు డ్రైవరునైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. తమ మనుషులు మా డిపోకు వచ్చి, పరీక్ష ప్రశ్నలకే గానీ మనుషులకు కాదని చెప్పి కాగితాలు పంచియున్నారు. మా ఇంట ఏ కాగితమైనను అందరూ చదివిన పిదపనే నింపుట ఆచారము. అటులనే నింపితిమి.

2. "మీ మనసులోని మాట ఇతరులకు తెలిసిపోతున్నట్లు అనిపించునా?" అను ప్రశ్నకు నేను కాదని పెట్టబోగా మా ఆవిడ, "అవునని పెట్టండి. మీరు నోరు తెరవకముందే నాకు తెలిసిపోతుంది" అన్నది. "ఇతరులు నవ్వుకుంటే మీ గురించేనని అనుమానమా?" అను దానికి మా బావమరిది, "అనుమానమేంటి బావా, నీ గురించేగా" అన్నాడు. అదీ అవునే.

3. "వెనక నుంచి ఎవరో చూస్తున్నట్లుండునా?" అయ్యా, నా వెనక బస్సెడు జనం ఉందురు. "ఇతరులకు వినబడని చప్పుళ్లు వినబడునా?" ఇంజను చప్పుడులో తేడా వినబడకపోతే నేనెందుకు? "శబ్దాల్లో మీకోసమే సంకేతాలున్నట్లు తోచునా?" కండక్టరు విజిల్ మరెవరి కోసమో తామే సెలవియ్యవలెను.

4. అవునన్న ప్రతిదానికీ ఒక వింత మార్కట; డిపో మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు వచ్చినవి. బడిలో ఏనాడూ రాని మార్కులు ఇప్పుడొచ్చి కొంప ముంచినవి. ఆ కాగితం ఎట్లో మా మేనేజరు చేతిలో పడినది. "మళ్లీ పరీక్ష అయ్యేదాకా బండి ముట్టుకోకు" అని నన్ను ప్రయాణికులు మరచిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టినాడు. గొడుగుల మధ్య కూర్చుని, నా బస్సును ఇంకొకడు తోలుకుపోవుట చూడలేకున్నాను. ఏడుపొస్తోంది సార్.

కావున పరీక్ష ప్రశ్నలకే గానీ డ్రైవరుకు కాదని మా మేనేజరుకు ఒక ముక్క వ్రాసి, నా బండి నాకిప్పించుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గొడుగుల కాపలాలోనున్న డ్రైవరు

తా.క.: ఇది పోస్టు చేసేలోపే మీవాళ్లు రెండోసారి కాగితం ఇచ్చారు. మేనేజరు పక్కనే నిలబడి అన్నిటికీ కాదని పెట్టించాడు. రేపటి నుంచి బండెక్కమన్నాడు. సంబరంగా ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ కాగితం సంగతి విని, "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది. వెనక జనం ఉన్నారని తెలీదు, ఇంజను చప్పుడు వినబడదు, విజిల్ పట్టదు. ఆ డ్రైవరు బండి నేనెక్కను" అంది. నేనైనా ఎక్కను సార్. మొదటి కాగితం మీదే బండి ఇప్పించండి.