సగం కుక్క

మొంటానా

కార్లా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ నాన్న మోకాలు కూడా కాస్త మాట వింటోంది. గొర్రెలు అమ్మేశాక మంద కాసే మన కుక్కలు పిప్, జెస్ పనిలేక కంచె పొడవునా ఒకటే పరుగులు. చూడలేక వాటినీ ఇచ్చేద్దామనుకున్నాం. కొండవతల గొర్రెలు పెంచే హాల్వర్ వచ్చి, "నా మందకి ఒక్కటి చాలు పిన్నీ, రెండింటిని ఎవడు మేపుతాడు?" అంటూ పిప్‌ని మాత్రం తీసుకెళ్లాడు. విడదీయొద్దన్నా వినలేదు. జెస్ గిన్నె ముట్టలేదు. మీ నాన్న పక్కన కూర్చుని బతిమాలినా తలెత్తలేదు.

నిన్న హాల్వర్ పిప్‌ని వెనక్కి తెచ్చి, బండి దిగుతూనే, "సగం కుక్కనిచ్చావు పిన్నీ! ఇది మందకి ఎడమపక్కే కాస్తుంది. గొర్రెలన్నీ కుడిపక్కనుంచి జారుకుని పక్కవాడి బార్లీ మేసేశాయి!" అని అరిచాడు. కుడిపక్క ఎప్పుడూ జెస్‌దే మరి. బండి తలుపు తెరిచి ఉంటే జెస్ ఎవరూ పిలవకుండానే ఎక్కి పిప్ పక్కన కూర్చుంది.

నాన్నకు ఉన్ని మేజోళ్లు పంపు. పాపకు పళ్లొచ్చాయా? మీ నాన్నను నువ్వూ, నన్ను తమ్ముడూ మీ మీ ఇళ్లలో పెట్టుకోవాలని మీలో మీరు అనుకున్నారట. ఇంకోసారి ఆలోచించండి. ఇన్నేళ్లుగా ఆయన మంచానికి ఎడమపక్కే పడుకుంటున్నారు.

పిల్లలకు నా ముద్దులు.
అమ్మ