మైదానం చెత్త మన గుమ్మంలో

చిరంజీవి అబనూబ్‌కు,

దేశాన్ని ఊడ్చి అద్దంలా చేశామని రాశావు. ఆ ఊడ్చిందంతా ఎవరి గుమ్మంలో పోశారో ఒక్కసారైనా అడిగావా, నాయనా?

నాన్న దీవెనలు. ప్రభువు దయవల్ల ముఖట్టం కొండ కింద మన చెత్త ఏరేవాళ్ల పేటలో అందరం ప్రాణాలతో ఉన్నాం. క్షేమమని మాత్రం రాయలేను.

అమ్మ ఎలా ఉందని అడిగావు. కుడి అరచేతికి ఏడు కుట్లు పడ్డాయి. అధ్యక్షుడు దిగిపోయిన మర్నాడు మీరు తహ్రీర్ మైదానంలో ఊడ్చి కట్టిన నల్ల సంచులు మూడు లారీల్లో మన సందులోకి వచ్చాయి. అమ్మ ఎప్పటిలాగే నేల మీద కూర్చుని ఏరడానికి సంచిలో చెయ్యి పెట్టింది. పాచిపోయిన రొట్టెలు, పగిలిన సీసాలు, గాయపడ్డవాళ్లకు పొడిచిన సూదులు, అన్నీ ఒకే సంచిలో! ఎంగిలి తినడానికి ఇప్పుడు మన పందులు కూడా లేవు, జ్వరం సాకు చెప్పి వాటిని ఆ దిగిపోయిన ప్రభుత్వమే చంపించింది. ఎంగిలి వేరు, గాజు వేరు అని నడక రాకముందే నేర్చినవాడివి నువ్వు. నీ చదువుకున్న స్నేహితులకు తెలియదు సరే, నీ నోటికేమైంది? గిన్నె బయట తోమి లోపలి మురికి వదిలేసేవాళ్ల మీద ప్రభువు ఊరికే మండిపడ్డాడా?

పక్కింటి ఉమ్మ్ గిర్గిస్ ఊరుకుంటుందా! "ఏం దిమియానా, విప్లవం బాగానే కరిచిందే! నీ కొడుకు పంపిన కానుకా?" అంది.

"నోర్ముయ్యవే. వాడు అక్కడ దెబ్బలు తింటుంటే నువ్వు టీవీ ముందు గింజలు నమిలావు" అంది అమ్మ, రక్తం కారే చేతికి తలగుడ్డ చుట్టుకుంటూనే.

నా కోపం తగ్గిందా అని కూడా అడిగావు. తగ్గలేదు. కానీ నీ దగ్గర ఒక మాట దాచాను. మీరు ఊడ్చిన ఆ శనివారం నేనూ చీపురు పట్టుకుని మైదానానికి వచ్చాను. పాలకులకు లోబడి ఉండమని రెండు వారాలు ప్రార్థనలో గొంతు చించుకున్నవాణ్ణే. ఒక అమ్మాయి నా చేతికి తొడుగులిచ్చి, "బాబాయ్, వేసుకో. ఇవాళ్టి నుంచి ఈ దేశం మనది" అంది. నలభై ఏళ్లు ఊరివాళ్ల చెత్త మోశాను, తొడుగులిచ్చిన మొదటి మనిషి ఆమే. పదడుగుల దూరంలో నువ్వు రోడ్డంచు రాళ్లకు రంగు వేస్తున్నావు. "ఈయనకి అచ్చం నీ పోలికే! చుట్టమా?" అని ఆమె నీవైపు తిరిగి నవ్వింది.

"కాదు, ఎవరో" అన్నావు. విన్నాను.

శపిద్దామనుకున్నాను, నోరు లేవలేదు. అంతకు వారం ముందే సంఘ పెద్ద "నీ కొడుకు మైదానంలో ఉన్నాడటగా?" అని నిలదీస్తే, "నాకు కొడుకే లేడు" అని అందరి ముందూ అన్నవాణ్ణి నేనే. ప్రభువును ఎరగనని బొంకిన పేతురైనా బయటికి వెళ్లి ఏడ్చాడు. నేను ఏడవను కూడా లేదు, చీపురు భుజాన వేసుకుని ఇల్లు చేరాను.

గుమ్మంలో ఇంకా నూట ఎనభై సంచులున్నాయి. ఆపినా ఆగకుండా అమ్మ ఎడమ చేత్తో మొదలుపెట్టింది. ఆ అమ్మాయిని తీసుకురా, అందరినీ తీసుకురా. ఇతను మా నాన్న అని వాళ్లకు నువ్వు చెప్పు. వీడు నా కొడుకు అని సంఘం ముందు నేను చెబుతాను. సంచులు విప్పి, మన పక్కన కూర్చుని వాళ్లూ ఏరాలి. ఆదివారం దాకా ఆగకు, రేపు అనకు. ఈ ఉత్తరం తెచ్చినవాడి బండి నువ్వుండే వీధిలోనే ఆగి ఉంటుంది. లే, చెప్పులు వేసుకో, ఇప్పుడే ఎక్కు!

ఇట్లు,
సందు మొదట్లో నిలబడి ఉన్న
నీ నాన్న, రిజ్‌కల్లా